యాభై వేలు, ఒక ఆవు

మూడో బిడ్డగా ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు డిపాజిట్ చేస్తాను, మగపిల్లవాడు పుడితే ఆవును ఇస్తాను అని 2025 మార్చిలో మా ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ప్రకటించారు. ప్రభుత్వ సొమ్ము కాదు, తన జీతంలోంచే ఇస్తానన్నారు. మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా ఎచ్చెర్ల నియోజకవర్గం కాబట్టి విజయనగరం ఎంపీయే మాకూ ఎంపీ. ఆ వార్త వచ్చిన వారంలోనే మా అక్క ఇంటికి వచ్చింది. పేపరు చదివి, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, "అయితే నా రేటు ఇంకా పెరగలేదన్నమాట" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. మా ఆవిడకు అర్థమైంది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాన్న పోయింది 2011లో. మాకున్నది 2 ఎకరాల 40 సెంట్లు, సగం పల్లం, సగం మెట్ట. అమ్మ అంతకుముందే పోయింది కాబట్టి వారసులం ఇద్దరమే. మరుసటి ఏడాది అక్క తన వాటా వదులుకుంటున్నట్టు విడుదల దస్తావేజు రాసిచ్చింది. అందుకు నేను పెట్టింది 50 వేలూ, ఒక పట్టుచీరా.

అసలు నేను రాద్దామనుకున్న వ్యాసం వేరు. 2024 ఆగస్టులో టెక్కలిలో ఒక శాసనమండలి సభ్యుడి ఇంటి గేటు బయట ఆయన భార్య, కూతుళ్లు కూర్చున్న దృశ్యాన్ని టీవీలు రోజుల తరబడి చూపించినప్పుడే సగం రాసి పెట్టుకున్నాను. నాయకుడి సంసారం నాయకుడిది, మధ్యలో మనకెందుకు అన్నది దాని సారాంశం. మర్యాదగా, పెద్దమనిషి తరహాలో, చదివినవాళ్లు తల ఊపేట్టు ఉండేది. అక్క మాట విన్న రాత్రి దాన్ని తీసేశాను. అబద్ధమని కాదు. ఆ అభిప్రాయం నాకు మరీ సుఖంగా ఉందని.

ఇప్పుడు నాకు తోస్తున్నది ఇది. నాయకుల ఇంటి సంగతి మనం అడగవచ్చు. ఓట్లు అడిగేటప్పుడు వాళ్లే ఇంటిని వేదిక మీదికి తెస్తారు కాబట్టి అడగాలి కూడా. అయితే మనం అడిగే ప్రశ్న ఎప్పుడూ పెళ్లిళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ ఇంటి ఆడపిల్లకు ఏం ముట్టింది అన్న దాకా రాదు. పెళ్లిళ్ల లెక్క తీసేటప్పుడు మనం తీర్పు చెప్పే అరుగు మీద కూర్చుంటాం. వాటాల లెక్క తీస్తే కిందికి దిగి నిలబడాలి.

మూడు పెళ్లిళ్ల లెక్క

పవన్ కల్యాణ్ మూడు పెళ్లిళ్ల మాట ఎన్ని సభల్లో విన్నామో గుర్తు తెచ్చుకోండి. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఎన్నికల సభల్లోనే కాదు, పథకాల సభల్లోనూ ఆ మాట తెచ్చేవారు. జనం నవ్వేవారు, చప్పట్లు కొట్టేవారు. 2024లో జనసేన 21 అసెంబ్లీ స్థానాల్లో నిలబడి 21 గెలిచింది. వాటిలో మా పక్కనున్న నెల్లిమర్ల ఒకటి. నవ్విన నోళ్లూ ఓటేసిన చేతులూ చాలావరకు ఒకే మనుషులవని నా అనుమానం.

ఆ గొడవలో ఒక్క మాట మాత్రం నాకు పట్టుబడింది. చట్టప్రకారం విడాకులిచ్చి, ఇవ్వాల్సింది ఇచ్చాకే మళ్లీ పెళ్లి చేసుకున్నానని 2022లో పవన్ జవాబిచ్చారు. ఆయన్ని మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. ఆ వాదులాట మొత్తంలో ఆడవాళ్లకు ఏం చేరింది అన్న సంగతి వచ్చిన క్షణం బహుశా అదొక్కటే. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మూడు అన్న అంకె దగ్గరే అందరూ ఆగిపోయారు.

ఇది మన దగ్గరి జాడ్యమే అనుకోవద్దు. సొంత జీవితంలో అనైతికంగా నడిచిన నాయకుడు పదవిలో నీతిగా పనిచేయగలడా అని అమెరికాలో పీఆర్ఆర్ఐ అనే సర్వే సంస్థ 2011లో అడిగితే, శ్వేతజాతి ఎవాంజెలికల్ క్రైస్తవుల్లో చేయగలడు అన్నవాళ్లు 30 శాతం. 2016లో మళ్లీ అడిగితే 72 శాతం. ఆ ఐదేళ్లలో బైబిలు మారలేదు. మూడు పెళ్లిళ్ల ట్రంప్ వాళ్ల పార్టీ అభ్యర్థిగా వచ్చాడు, అంతే. ఇటలీలో మెలోని తాను స్త్రీనని, తల్లినని, క్రైస్తవురాలినని చాటి సంప్రదాయ కుటుంబం పేరు మీద ఓట్లు తెచ్చుకుంది. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉన్న మనిషితో 2023లో ప్రధానిగా ఉండగానే విడిపోయింది. ఆమె పీఠమేమీ కదలలేదు.

చెప్పేదీ చేసేదీ ఒకటేనా అని చూడడం మనకు ఇష్టం. పెద్దగా ఆలోచించనక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. హంగరీలో ఏళ్ల తరబడి ప్రధానిగా పాలించిన ఓర్బాన్ ఆ పరీక్షలో నెగ్గుతాడు. ఆయనకు ఐదుగురు పిల్లలు, నలుగురిని కన్న తల్లులకు 2020 నుంచి ఆదాయపు పన్ను లేకుండా చేశాడు. మన ముఖ్యమంత్రి నెగ్గలేరు. ఎక్కువమందిని కనమంటున్న చంద్రబాబుకు ఒక్కడే కొడుకు, ఆ కొడుకుకీ ఒక్కడే. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను 2024 నవంబరులో ఎత్తేసింది ఈ ప్రభుత్వమే. సరే, ఓర్బాన్ చెప్పింది చేశాడు కాబట్టి అది మంచి పని అయిపోతుందా? చంద్రబాబుకు నలుగురు పిల్లలుంటే మా వీధిలో ఇద్దరు పిల్లల బడి ఫీజు కట్టలేక తంటాలు పడుతున్నవాడు మూడోవాడిని కంటాడా? ఆ పరీక్ష ఎటు తిప్పినా ఎక్కడికీ తీసుకెళ్లదు.

ముసలాయనకు అన్నం పెట్టిన మనిషి

మా అమ్మమ్మది పాతపట్నం దగ్గర పల్లె. 1996 ఉపఎన్నికలో పాతపట్నం నుంచి గెలిచింది లక్ష్మీపార్వతి అని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అప్పటికి ఎన్టీఆర్ పోయి ఏడాది కూడా కాలేదు. 1993లో ఆయన ఆమెను పెళ్లాడాక ఇంట్లో మొదలైన పొగ 1995 ఆగస్టుకు పార్టీని చీల్చింది. కొడుకులూ అల్లుళ్లూ ఒకవైపు, ముసలాయనా ఆమే ఇంకోవైపు. ఎన్నాళ్లో గడవకుండానే 1996 జనవరిలో ఆయన వెళ్లిపోయారు. ఎన్టీఆర్‌ను చివరిసారి ముఖ్యమంత్రిని చేసిన 1994 ఎన్నికల్లో టెక్కలి కూడా ఆయన్ని గెలిపించింది. అందుకని ఆ కథ మా వైపు సొంతింటి గొడవలాగే నడిచింది.

అమ్మమ్మ ఎవరికి ఓటేసిందో దాచలేదు. మా మామయ్య అటువైపు మనిషి, కోప్పడ్డాడు. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ, "ముసలాయనకు ఆఖర్న అన్నం పెట్టిన మనిషిరా. కార్యం అయిపోయింది, నువ్వు పో అంటే ఎక్కడికి పోతుంది?" అంది. రెండో పెళ్లి తప్పా ఒప్పా అన్న ఆలోచన ఆమెకు వచ్చినట్టే లేదు. పని చేయించుకున్నారు, మరి ఆమెకు ఏం ఇస్తున్నారు? ఆమె లెక్క అంతే.

చాలాకాలం ఆ మాటను నేను అమ్మమ్మ జాలిగుండె కిందే జమ కట్టుకున్నాను. అది జాలి కాదని ఇప్పుడనిపిస్తోంది. ఆమెకు ముగ్గురు తమ్ముళ్లు. పుట్టింటి నుంచి ఆమెకు వచ్చింది ఒక ఇత్తడి గుండిగ. విధవరాలిని ఖాళీ చేతులతో పంపేయడం ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఎన్టీఆర్ వేదికల మీద "తెలుగింటి ఆడపడుచులు" అన్నప్పుడు ఆ పిలుపు వెనుక ఒక చట్టం కూడా ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఆయన ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వర్తించలేదు. దేశమంతటికీ అలాంటి హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. రెండు రూపాయల కిలో బియ్యం అందరికీ గుర్తుంది. ఈ చట్టం గుర్తున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గుర్తుండకపోవడమే మా బోటి అన్నదమ్ములకు లాభం మరి. మా అక్క పెళ్లి 1989లో. చట్టం ప్రకారం ఆమె నాతో సమానురాలు. ఆ సంగతి 2012లో నాకు తెలుసు.

పసుపు కుంకుమల నిమిత్తం

ఆ రోజు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నాకు బాగా గుర్తున్నది ఒక గోడ. వేలిముద్ర వేసే బల్ల పక్కన, మనిషి చెయ్యి అందేంత ఎత్తులో, నీలం సిరా మరకలు. వేలిముద్ర వేసినవాళ్లందరూ బొటనవేలు అక్కడే తుడుచుకుంటారు. మరక మీద మరక పడి, సున్నం గోడ అక్కడ చెట్టు బెరడులా గరుకెక్కిపోయింది. అక్క మాత్రం తన వేలు ఆ గోడకు తుడవలేదు. చీర చెంగు లోపలి వైపు తిప్పి తుడుచుకుంది. దస్తావేజు లేఖరి చదువుతున్నాడు: "…పసుపు కుంకుమల నిమిత్తం ఇదివరకే తగిన సొమ్ము ముట్టినందున, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా పూర్తి సమ్మతితో…" ముట్టిందా అని అధికారి అడిగాడు. ముట్టిందని అక్క చెప్పింది. నేను పక్కనే నిలబడి గోడ చూస్తున్నాను.

పసుపు కుంకుమల కింద అంటే ఒకప్పుడు కూతురికి పుట్టింటివాళ్లు రాసిచ్చే భూమి. ఆ మాటే దస్తావేజులో భూమి తీసుకోవడానికి పనికొచ్చింది. 2019 ఎన్నికల ముందు చంద్రబాబు ప్రభుత్వం డ్వాక్రా మహిళలకు 10 వేల రూపాయల చొప్పున ఇచ్చిన పథకానికి పెట్టిన పేరు కూడా 'పసుపు–కుంకుమ'. ఆడపడుచులు చెక్కులు తీసుకున్నారు, తెలుగుదేశానికి 23 సీట్లు వచ్చాయి. ఆ ఫలితం చూసి నేను లోలోపల కాస్త సంతోషించాను, పార్టీ సంగతి ఎలా ఉన్నా.

మన రాజకీయమంతా చుట్టరికాల మీదే నడుస్తోంది. ఒకరు అన్న, ఒకరు పెద్దకొడుకు, ఒకరు పిల్లలకు మేనమామ, ఎన్నికల ముందు 'మీ బిడ్డ'. దీన్ని ఎగతాళి చేస్తూ రాయడం తేలిక. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని ఒక సామెత పడేస్తే సరిపోతుంది. నేనూ ఇదివరకు అలాగే రాశాను. కానీ ఆ పిలుపులు ఇంతగా ఎందుకు పనిచేస్తున్నాయో అప్పుడు ఆలోచించలేదు.

మా ఇంట్లో పాత్రలు తోమే ఆమెకు 2020 డిసెంబరులో మొదలైన ఇళ్లపట్టాల్లో ఒకటిన్నర సెంటు వచ్చింది. రాష్ట్రమంతటా దాదాపు 30 లక్షల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. ఆమె పట్టా బియ్యం డబ్బాలో పాలిథిన్ కవరులో ఉంటుంది. ఒకసారి బ్యాంకు పని మీద తెచ్చి చూపించింది. దాని మీద తన ఫోటో పక్కన వేలు పెట్టి, "నా పేరున ఉన్న కాగితం ఇదే అయ్యా, రేషను కార్డు కూడా ఆయన పేరునే" అంది. ఇచ్చిన నాయకుడి ఇంట్లో ఏం జరుగుతోందో ఆమెకు అనవసరం. ఆమె ముందు నా ప్రశ్నలన్నీ చిన్నబోయాయి. ఆడపిల్ల పేరున భూమి రాసినవాడికి ఇంట్లో ఎలాంటి గొడవలున్నా ఏమిటట?

తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఆమెకూ ఇద్దరు అన్నలు ఉన్నారు, వాళ్లకు ఎకరం పైనే ఉంది. వాళ్లు పెట్టనిది సర్కారు పెట్టింది. సొంత అన్న ఖాళీ చేసిన చోటులోకి ఫ్లెక్సీ మీది అన్న వచ్చి కూర్చున్నాడు. ఎకరాల మాట పోయి సెంట్లు వచ్చాయి, హక్కు మాట పోయి కానుక వచ్చింది. ఎంత తక్కువ పెట్టినా అతనికి పేరొస్తుంది, ఎందుకంటే పోటీకి ఎవరూ లేరు.

అన్నాచెల్లెళ్ల తగువు

వైఎస్ కుటుంబంలో సరస్వతీ పవర్ వాటాల తగువు కంపెనీ లా ట్రిబ్యునల్ దాకా వెళ్లిందని 2024 అక్టోబరులో బయటపడింది. అన్న వేసిన పిటిషన్‌లో చెల్లెలూ తల్లీ ప్రతివాదులు. కాగితాల మీద ఎవరిది న్యాయమో నేను తేల్చలేను, తేల్చవలసిన చోట తేలుతుంది. నేను చెప్పేది రణస్థలంలో నేను రోజూ బస్సు కోసం నిలబడే టీ కొట్టు గురించి. అక్కడ రెండు పార్టీలవాళ్లకూ పడదు, ఒకరు అవునంటే ఇంకొకరు కాదంటారు. జగన్‌ను రోజూ తిట్టే ఆటో ఆయన ఆ రోజు, "ఎంతైనా పెళ్లి చేసి పంపించాక ఇంకా ఏం కావాలట ఆ పిల్లకి?" అన్నాడు. జగన్ అభిమాని అయిన ఎరువుల కొట్టు గుమాస్తా, "అదీ మాట" అన్నాడు. ఆ కొట్టులో వాళ్లిద్దరూ ఏకమవడం నేను చూసింది అప్పుడే. మామూలుగా ఇలాంటి చోట నేనొక ఉపన్యాసం ఇస్తాను. ఆ రోజు గ్లాసు పెట్టేసి బస్సెక్కాను.

విజయనగరంలో రాజవంశం వాళ్ల మాన్సాస్ ట్రస్టు తగువు గుర్తుందా? 2020 మార్చిలో అప్పటి ప్రభుత్వం ఆనందగజపతిరాజు కూతురు సంచయితను అధ్యక్షురాలిని చేసింది. వంశంలో పెద్దవాడైన మగవాడికే ఆ పదవి చెందాలన్న వాదనతో బాబాయి అశోక్‌గజపతిరాజు కోర్టుకు వెళ్లారు, 2021 జూన్‌లో హైకోర్టులో గెలిచారు. ఆయన ట్రస్టు దస్తావేజులో ఉన్నదే అడిగారు, చట్టం దృష్టిలో తప్పులేదు. అప్పటి ప్రభుత్వానికి ఆడపిల్ల మీద ప్రేమ పొంగి వచ్చిందని కూడా నేననుకోను. అదే అశోక్‌గజపతిరాజు కూతురు అదితి 2024లో విజయనగరం నుంచి ఎమ్మెల్యే అయ్యారు. ఓట్లు అడగడానికి ఆడపిల్ల పనికొస్తుంది, దస్తావేజులోకి వచ్చేసరికి మగవాడు కావాలి. ఊరంతా ఆ రోజుల్లో పార్టీల మాటే మాట్లాడుకుంది గానీ దస్తావేజులోని ఆ ఒక్క పదం గురించి మాట్లాడినవాళ్లు నాకు తగల్లేదు.

ఎన్నికల అఫిడవిట్లు చదవడం నాకో పిచ్చి. భార్య మెడలో ఎన్ని గ్రాములు ఉన్నాయో రాస్తారు, ఆధారపడిన పిల్లల పేరున ఉన్న డిపాజిట్లు రాస్తారు. భూముల దగ్గర 'వారసత్వంగా వచ్చినదా' అని ఒక గడి ఉంటుంది, అవును అని రాస్తే చాలు. తోబుట్టువులు ఎందరు, వాళ్లకు ఏం దక్కింది అన్న గడి లేదు. ఒక్క గడి చేర్చమని అడిగే పార్టీ ఏదైనా ఉంటుందా? నాకు నమ్మకం లేదు. అడిగే ఓటరూ ఉండడు.

ఇదంతా శ్రీకాకుళం కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక స్నేహితురాలికి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "నువ్వు పడకగదిని ఒకచోట, పత్రాలను ఇంకోచోట పెడుతున్నావు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో రెండూ ఒకే బీరువాలో ఉంటాయి" అంది. మొదటి భార్య ఉండగా రెండో సంసారం పెట్టినవాడి ఆస్తి ముందు ఆ రెండో ఇంటికే మళ్లుతుందట. భరణం కేసులో వాయిదాకు వచ్చిన ఒక భర్త కోర్టు వరండాలో తనతోనే అన్నాడట, "పెద్దపెద్ద నాయకులకే అడ్డులేదు, నన్నొక్కడినే పట్టుకున్నారేం మేడమ్?" అని. పాత శిక్షాస్మృతిలో 494, కొత్త న్యాయసంహితలో 82 అని ఆమె సెక్షన్లు చెబుతుంటే అతను నవ్వాడట. నాయకుడి సంసారం నాయకుడిదే అని వదిలేస్తే అది కింద ఇలాంటివాళ్లకు అనుమతి పత్రం అవుతుందని ఆమె వాదన.

నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. సగం ఒప్పుకుంటున్నాను. అయితే ఆమె చెప్పిన కేసులోనూ ఆ భార్య కోర్టుకు వచ్చింది బియ్యానికీ, పిల్లల ఫీజుకూ. మొగుడి ప్రేమ తిరిగి ఇప్పించమని రాలేదు. టెక్కలి గొడవప్పుడు మా వీధిలో అందరూ ఆడిపోసుకున్నది గేటు బయటివాళ్లనీ, లోపల ఉన్నదంటున్న ఇంకో ఆడమనిషినీ. ఆయన్ని "మగాడు, ఏదో చేశాడు" అని ఒక్క మాటతో వదిలేశారు. సంసారాల గురించి ఎంత మాట్లాడుకున్నా ఆ మాటల బరువు మోసేది ఆడవాళ్లే. అందుకే ఆ ముచ్చట మీద నాకు గురి లేదు.

ఈ వ్యాసం రాస్తూ పోయిన ఆదివారం బీరువాలోంచి ఆ దస్తావేజు తీశాను. చివరి పేజీలో అక్క వేలిముద్ర కాస్త చెదిరి ఉంది. జాతీయ రహదారి దగ్గర కావడంతో మెట్ట ముక్కకు ఇప్పుడు మేం కలలో కూడా అనుకోని ధర పలుకుతోంది. రాత్రి అక్కకు ఫోను చేశాను. మెట్ట ముక్క ఆమె పేరున రాసేద్దామనుకుంటున్నానని చెప్పాను. అటువైపు టీవీ శబ్దం తగ్గింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"ముందు మీ ఆవిడను అడుగు" అంది.

ఇవాళ గురువారం. ఇంకా అడగలేదు.